లక్ష లోపు హై-ఎండ్ హెడ్‌ఫోన్: నాలుగు రకాల్లో మీ చెవికి, మీ ఇంటికి ఏది?

కొత్త హై-ఎండ్ హెడ్‌ఫోన్ ఒకటి మార్కెట్లోకి దిగిందంటే చాలు, వారం తిరక్కుండా యూట్యూబ్ నిండా రివ్యూలే. ఒకాయన బేస్ అదిరిపోయింది అంటాడు, ఇంకొకాయన అసలు బేసే లేదు పొమ్మంటాడు. ఇద్దరూ నిజమే చెప్తుండొచ్చు. ఎవరి చెవులు వాళ్లవి, ఎవరు వినే పాటలు వాళ్లవి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకి దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. నెల్లూరు ట్రంక్ రోడ్డయినా, ఒంగోలు ట్రంక్ రోడ్డయినా మొబైల్ షాపులకి కొదవ లేదు. కానీ ముప్పై నలభై వేల హెడ్‌ఫోన్ తలకి పెట్టుకుని, నచ్చిన పాట వేసుకుని, అరగంట కదలకుండా కూర్చోనిచ్చే షాపు దొరకడం కష్టం. అందుకే చాలామంది రివ్యూ చూసి ఆర్డర్ పెట్టేసి, పెట్టె విప్పాక "ఇంతేనా" అనుకుంటారు.

పాతిక వేల నుంచి లక్ష లోపు బడ్జెట్ పెట్టుకుని ఎటూ తేల్చుకోలేకుండా ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా లెక్క ఇదీ: మోడల్ కంటే ముందు రకం తేల్చుకోవాలి. కప్పుల వెనక జాలీ ఉండే ఓపెన్ బ్యాక్‌లో రెండు (డైనమిక్, ప్లానార్), వెనక మూసి ఉండే క్లోజ్డ్ బ్యాక్ వైర్డ్, నాయిస్ క్యాన్సిలింగ్ వైర్‌లెస్, ఇవీ ఆ నాలుగు. రకం ఏదన్నది మీరుండే ఇల్లు చెప్తుంది. ఆ రకంలో ఏ మోడల్ అన్నది మీకు బాగా తెలిసిన గొంతు చెప్తుంది. ఈ వరస తిరగేస్తే ఎంత గొప్ప హెడ్‌ఫోన్ అయినా రెండు నెలల్లో బీరువా ఎక్కుతుంది.

ధర, అంకెలు, గ్రాఫులు: ఎంతవరకు నమ్మాలి

ధర చూసి సౌండ్ అంచనా వేయలేం. 2017లో జెరోన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌ను, అంటే ఏ స్థాయి శబ్దాన్ని ఎంత గట్టిగా వినిపిస్తాయో చూపే గ్రాఫుని, వాటి ధరలతో పోల్చి చూశాడు. రెండిటికీ సంబంధం కనపడలేదు. అలాగని ఖరీదైనవన్నీ మోసమని కాదు. డబ్బు ఎక్కువ పెడితే తయారీ, మెత్తలు, స్పేర్ పార్టులు, కొన్నిట్లో వివరాల స్పష్టత మెరుగ్గా ఉంటాయి. సౌండ్ మీకు నచ్చుతుందన్న హామీ మాత్రం ఆ ధరలో కలిసి రాదు.

పెట్టె మీద "5 హెర్ట్జ్ నుంచి 40 కిలోహెర్ట్జ్" అని ఉంటుంది (హెర్ట్జ్ తక్కువైతే బేస్, ఎక్కువైతే సన్నటి శబ్దం). మనిషి చెవి వినేదే 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా. అదీ కుర్రతనంలో. వయసు పెరిగేకొద్దీ పై భాగం తగ్గుతూ వస్తుంది, యాభై దాటినవాళ్లకి 15 కిలోహెర్ట్జ్ వినపడితే అదృష్టమే. ఆ 40 అంకె వల్ల మనకి ఒరిగేదేమీ లేదు.

గ్రాఫులు అంతకంటే నయం, చదవడం తెలిస్తే. మంచి హెడ్‌ఫోన్ గ్రాఫ్ గీత గీసినట్టు సాఫుగా ఉంటుందనుకుంటారు. ఉండకూడదు. 3 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల ఒక గుట్ట లేవాలి. మామూలుగా ఎదురుగా ఉన్న శబ్దాన్ని మన చెవి డొప్ప, చెవి రంధ్రం కలిసి సరిగ్గా అక్కడే పెంచి వినిపిస్తాయి. హెడ్‌ఫోన్ ఆ పెంపుని తనలో కలుపుకోకపోతే పాడేవాళ్ల గొంతు వెనక్కి పోయి, దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది. హార్మన్ కంపెనీలో షాన్ ఆలివ్ బృందం గత దశాబ్దంలో మామూలు శ్రోతలతో పరీక్షలు చేసి "హార్మన్ టార్గెట్" అనే గీత తయారుచేసింది. అందులో ఈ గుట్టతో పాటు కింద బేస్ కూడా కొంచెం లేచి ఉంటుంది, ఎక్కువమందికి నచ్చింది అలా ఉన్నదే కాబట్టి. కొత్త మోడల్ గ్రాఫ్ చూసేటప్పుడు ఆ టార్గెట్ గీతని పక్కన పెట్టి, ఎక్కడ దానికంటే పైకి లేచిందో, ఎక్కడ కిందికి జారిందో చూడండి. 6 నుంచి 9 కిలోహెర్ట్జ్ మధ్య నిటారుగా ఒక కొమ్ము కనపడితే, తలనొప్పి ఎక్కడినుంచి రాబోతోందో ముందే తెలిసిపోయినట్టే.

చెవితో తేల్చుకునే పద్ధతి

అన్నిటికంటే ముందు వాల్యూమ్. రెండు హెడ్‌ఫోన్లు పోల్చేటప్పుడు ఒకటి కాస్త గట్టిగా మోగితే చాలు, అదే బాగుందని మెదడు తీర్పు చెప్పేస్తుంది. ఒకే ఫోన్‌లో, ఒకే వాల్యూమ్ దగ్గర రెండు హెడ్‌ఫోన్లు ఒకే మోత ఇవ్వవు. అందుకని గొంతు ఒక్కటే ఉన్న చోట, అంటే పల్లవికి ముందు వచ్చే ఆలాపన లాంటి చోట పాట ఆపి ఆపి, రెండిట్లో గొంతు సమానంగా వినపడేదాకా గట్టిగా ఉన్నదాన్ని తగ్గించండి. ఇది చేయకుండా ఇచ్చే తీర్పు ఎవరిదైనా, పెద్ద రివ్యూయర్‌దైనా, నేను లెక్కలోకి తీసుకోను.

తర్వాత గొంతు. నెల్లూరు వాళ్లం మనవాడని చెప్పుకునే బాలుగారి పాటలకంటే మంచి పరీక్ష నాకు తెలీదు. ఆ గొంతు పుట్టినప్పట్నుంచీ వింటున్నాం కాబట్టి ఏ మాత్రం తేడా వచ్చినా చెవి పట్టేస్తుంది. ఉచ్చారణ ఎలాగూ స్పష్టం. శ, ష, స మూడూ వచ్చే చరణం ఒకటి ఎంచుకోండి. మంచి హెడ్‌ఫోన్‌లో మూడూ మూడు అక్షరాలుగా వినపడతాయి. 6-8 కిలోహెర్ట్జ్ దగ్గర కొమ్ము ఉన్నదాంట్లో మూడూ కలిసి "స్స్" అని ఒకటే ఈల. అలాంటిది మొదటి పది నిమిషాలు "అబ్బ, ఎంత క్లియరో" అనిపిస్తుంది, గంట తర్వాత తీసి పక్కన పెట్టాలనిపిస్తుంది. గొంతులో కింది స్థాయి, అంటే ఛాతీలోంచి వచ్చే నిండుదనం ఉందో లేదో కూడా చూడండి. అది లోపిస్తే ముక్కుతో పాడినట్టుంటుంది.

మూడోది నాదస్వరం. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారి రికార్డింగులు దొరుకుతాయి. ఈ పరీక్ష కొంచెం కఠినమైనదే. నాదస్వరం బలమంతా చెవికి ఎక్కువ తగిలే మధ్య, పై స్థాయిల్లోనే ఉంటుంది. ట్యూనింగ్ సరిగా లేని హెడ్‌ఫోన్‌లో పై స్థాయికి వెళ్లినప్పుడల్లా చెయ్యి దానంతటదే వాల్యూమ్ బటన్ మీదికి పోతుంది. బాగున్నదాంట్లో ఘాటు ఉంటుంది, నొప్పి ఉండదు. వెనక డోలు దెబ్బ మీద దెబ్బగా విడివిడిగా వినపడాలి, నాదస్వరం కింద పడి నలిగిపోకూడదు.

కచేరీ రికార్డింగ్ ఒకటి పెట్టుకుంటే మృదంగం, తంబుర కూడా పరీక్షకి వస్తాయి. మృదంగం కుడివైపు దెబ్బకి శ్రుతి ఉంటుంది, ఎడమవైపు గుమ్మని సాగుతుంది. ఆ ఎడమ శబ్దం సాగి సాగి ఎక్కడ ఆగిందో తెలియాలి. బేస్ ఎక్కువ చేసిన హెడ్‌ఫోన్లలో అది ఆగదు, తర్వాతి దెబ్బలోకి కారిపోతుంది. తంబుర నాలుగు తీగలు ఒకదాని తర్వాత ఒకటి మీటుతున్నట్టు తెలుస్తోందా, లేక గాయకుడి వెనక ఒకటే జుమ్మా? లక్ష రూపాయల హెడ్‌ఫోన్‌కీ పాతిక వేలదానికీ తేడా ఎక్కడైనా ఉందంటే ఇలాంటి చోటే.

ఒక జాగ్రత్త. ఘంటసాల కాలం నాటి సినిమా పాటలు దాదాపు అన్నీ మోనో రికార్డింగులు, అంటే రెండు చెవులకీ ఒకటే శబ్దం. వాటితో "సౌండ్‌స్టేజ్" పరీక్షించడం కుదరదు, ఎంత ఖరీదైన హెడ్‌ఫోన్‌లో అయినా పాట నుదుటి మధ్యలోనే ఉంటుంది. వాద్యాలు ఎడమా కుడీ ఎలా పరుచుకున్నాయో తెలియాలంటే స్టీరియోలో బాగా రికార్డయిన ఇళయరాజా పాట ఏదైనా తీసుకోండి. వయొలిన్లు ఒక పక్క, బేస్ గిటార్ ఒక పక్క, మధ్యలో గొంతు, ఎవరి చోట వాళ్లు. యూట్యూబ్‌లో ఎవరో అప్‌లోడ్ చేసిన పాత పాట పెట్టి హెడ్‌ఫోన్‌ని తిట్టకండి. యాపిల్ మ్యూజిక్‌లో 2021 నుంచి లాస్‌లెస్ (పాటలో ఏదీ కోసేయకుండా ఇచ్చే క్వాలిటీ) అదనపు డబ్బు లేకుండానే వస్తోంది, అది చాలు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన ఊళ్లలో చెవులు మైకుసెట్ల మధ్య పెరిగినవి. తిరనాళ్లకి చెట్టుకి కట్టిన హారన్ స్పీకర్లు, పెళ్లి ఊరేగింపులో బాక్సులు. అందువల్ల గట్టిగా, కీచుగా ఉంటే "క్లారిటీ", గుండె అదిరితే "బేస్" అని మనకి తెలీకుండానే ఒక కొలత పడిపోయింది. కావలికి చెందిన స్నేహితుడు ఒకడు నా ఓపెన్ బ్యాక్ పెట్టుకుని రెండు నిమిషాలు విని, "ఏందన్నా, ఇంత పెట్టి కొని బేస్ లేంది కొన్నావే" అన్నాడు. తీసుకోబోతే ఇవ్వలేదు. ఇంకో అరగంట విన్నాక "వెనకాల వీణ ఉందా ఈ పాటలో?" అని అడిగాడు. చెవికి ఆ అరగంట ఇవ్వాలి. "వంద గంటలు వాడితే హెడ్‌ఫోన్ మారిపోతుంది" అనే మాటలో నిజం తక్కువ. మారేది ఎక్కువగా మన అలవాటే, కొంతవరకు మెత్తలు తలకి సర్దుకోవడం.

సౌఖ్యం గురించి రెండు ముక్కలు. బరువు 400 గ్రాములు దాటితే మెడకి తెలుస్తుంది. కళ్లజోడు ఉంటే దాని కాడ దగ్గర మెత్తకీ చెంపకీ మధ్య సందు పడుతుంది, క్లోజ్డ్ రకాల్లో బేస్ అక్కడినుంచే జారిపోతుంది. విని చూసేటప్పుడు మీ కళ్లజోడుతోనే వినండి.

మొదటి రకం: ఓపెన్ బ్యాక్ డైనమిక్

కప్పుల వెనక జాలీ ఉండే రకం. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 దీనికి పెద్దన్న. 1997లో వచ్చింది, ఇప్పటికీ తయారవుతోంది. దాని తర్వాత హెచ్‌డీ 650, 2023లో హెచ్‌డీ 660ఎస్2 వచ్చాయి. మూడూ 300 ఓమ్స్ (కరెంటుని ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత), 260 గ్రాముల చుట్టుపక్కల. గొంతు విషయంలో ఈ కుటుంబాన్ని కొట్టేది ఈ ధరలో నేను వినలేదు. పాడేవాళ్లు ఎదురుగా కూర్చుని పాడినట్టుంటుంది. కొత్త హై-ఎండ్ మోడల్ ఏది వచ్చినా రివ్యూయర్లు దీనితోనే పోల్చడం ఊరికే జరగలేదు.

లోపాలూ తెలిసినవే. 50-60 హెర్ట్జ్ కిందకి వెళ్తే బేస్ పలచబడుతుంది. ఈమధ్య సినిమాల్లోని మాస్ బీట్లు దీంట్లో వింటే పెళ్లికి ఉప్పులేని కూర వడ్డించినట్టే. 660ఎస్2 లో ఆ కింది భాగం కొంత పెంచారు. సౌండ్‌స్టేజ్ కూడా పెద్దదేమీ కాదు. విశాలం కావాలంటే హెచ్‌డీ 800ఎస్ ఉంది, కానీ అది వేరే బడ్జెట్.

జాలీ ఉంది కాబట్టి లోపలిది బయటికీ బయటిది లోపలికీ వచ్చేస్తుంది. పక్కన పడుకున్నవాళ్లకి మీ పాట వినపడుతుంది, ఫ్యాను హోరు మీకు వినపడుతుంది. రోహిణి కార్తెలో నెల్లూరులో ఫ్యాను ఆపి పాట వినమంటే ఎవరికి సాధ్యం? ఏసీ గది ఉన్నవాళ్లకి ఈ ఇబ్బంది సగం తగ్గుతుంది. ఇంకో పక్క, గాలి ఆడుతుంది కాబట్టి చెవులు చెమట పట్టవు. మన వాతావరణానికి ఇది చిన్న లాభం కాదు. మెత్తలు, కేబుల్, పైన తలపట్టీ అన్నీ విడిగా దొరుకుతాయి, ఇంట్లోనే మార్చుకోవచ్చు. సర్వీసు సెంటరు దగ్గర్లో లేని ఊళ్లో ఉండేవాళ్లకి నేను దీన్ని సౌండ్‌తో సమానంగా లెక్కేస్తాను.

ఇక ఆంప్, అంటే హెడ్‌ఫోన్‌కి బలం అందించే యాంప్లిఫైయర్ సంగతి. 300 ఓమ్స్ అనగానే భయపెడతారు. హెచ్‌డీ 600కి ఒక వోల్టు ఇస్తే 97 డెసిబెల్ (మోతకి కొలత) మోగుతుంది. ఒక వోల్టు ఇచ్చే మామూలు యూఎస్‌బీ-సీ డాంగిల్‌తో (ఫోన్ ఛార్జింగ్ రంధ్రానికి పెట్టి హెడ్‌ఫోన్ తగిలించుకునే చిన్న ముక్కతో) సినిమా పాటలు హాయిగా వినొచ్చు. తక్కువ వాల్యూమ్‌లో రికార్డయిన కచేరీలకీ, ఈక్వలైజర్‌తో (శబ్దంలో ఒక్కో భాగాన్ని విడిగా పెంచి తగ్గించే సెట్టింగుతో) బేస్ పెంచుకునేవాళ్లకీ మాత్రం ఆంప్ అవసరం పడుతుంది.

రెండో రకం: ఓపెన్ బ్యాక్ ప్లానార్

డైనమిక్‌లో శబ్దం పుట్టించే కోన్ బదులు ఇందులో పల్చటి పొర, దాని మీద పరిచిన తీగ, అటూ ఇటూ అయస్కాంతాలు ఉంటాయి. పొర మొత్తం ఒకేసారి కదులుతుంది. ఫలితం బేస్‌లో తెలుస్తుంది. కింద 30 హెర్ట్జ్ దాకా పలచబడకుండా దిగుతుంది, దిగినా బొంగురు పోదు. పైన చెప్పిన మృదంగం ఎడమవైపు పరీక్షలో ఇవి మంచి మార్కులు తెచ్చుకుంటాయి. తంబుర తీగలు కూడా.

హైఫైమాన్ సుందర, ఎడిషన్ ఎక్స్‌ఎస్, ఆర్య ఈ వరసలో మన బడ్జెట్‌కి అందేవి. ఎడిషన్ ఎక్స్‌ఎస్ 18 ఓమ్సే, అయినా తక్కువ కరెంటుతో సరిపెట్టుకోదు. ఓమ్స్ తక్కువ కాబట్టి ఫోన్ చాలు అనుకుని దెబ్బతినేది ఇక్కడే. ఓమ్స్‌తో పాటు సెన్సిటివిటీ (ఇచ్చిన బలానికి ఎంత గట్టిగా మోగుతుందో) కూడా చూడాలి, రెండూ కలిస్తేనే లెక్క తేలుతుంది. ఆడిజ్ ఎల్‌సీడీ-ఎక్స్ దీనికి తిరగబడిన కేసు. సులభంగా మోగుతుంది గానీ బరువు 600 గ్రాములు దాటింది. పడకకుర్చీలో వెనక్కి వాలి వినేవాళ్లకి పర్వాలేదు. టేబుల్ దగ్గర కూర్చునేవాళ్లకి వద్దనే చెప్తాను.

ఈ రకం మోడల్స్‌లో పై భాగం కొంచెం మెరుపుగా ఉండేవి ఎక్కువ. నాదస్వరం పరీక్ష వదలకుండా చెయ్యండి. ఫ్యాను, పక్కవాళ్లకి వినపడటం, గాలి ఆడటం అన్నీ మొదటి రకం లాగే. మెత్తలు దొరుకుతాయి. లోపల పొర దెబ్బతింటే మాత్రం ఊళ్లో ఎవరూ బాగుచేయలేరు, కంపెనీకి పంపాల్సిందే.

మూడో రకం: క్లోజ్డ్ బ్యాక్ వైర్డ్

మూసిన కప్పులు. బయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో ఈ రకంలో స్టూడియోల పాత కాపు. సెన్‌హైజర్ 2024లో హెచ్‌డీ 620ఎస్ తెచ్చింది, 150 ఓమ్స్. బయటి శబ్దం తగ్గుతుంది, లోపలిది బయటికి పోదు, బ్యాటరీ గొడవ లేదు. పిల్లలు చదువుకుంటున్న గదిలోనే మీరూ కూర్చుని వినాల్సిన ఇల్లయితే వేరే దారి లేదు.

మూసిన డబ్బాలో శబ్దం గోడలకి కొట్టుకుంటుంది కాబట్టి గొంతులో ఆ ఓపెన్ బ్యాక్ సహజత్వం రావడం కష్టం. డీటీ 770లో పైన 8 కిలోహెర్ట్జ్ దగ్గర కొమ్ము పేరు మోసింది, శ ష స పరీక్షలో అది బయటపడుతుంది. కొందరికి అదే "వివరం" అనిపిస్తుంది. వెల్వెట్ లాంటి బట్ట మెత్తలున్నవి మన ఎండలకి కాస్త నయం. రెక్సిన్ మెత్తలైతే ఏప్రిల్ నుంచి జూన్ దాకా అరగంటకోసారి తీసి తుడుచుకోవాలి. తేమ, చెమట కలిసి ఒకటి రెండేళ్లలో ఆ పొర రేకులు రేకులుగా లేచి చెంపలకి నల్లగా అంటుకుంటుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఉండేవాళ్లు వాడని సమయంలో సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో పెట్టుకుంటే కొంత ఆగుతుంది.

నాలుగో రకం: నాయిస్ క్యాన్సిలింగ్ వైర్‌లెస్

సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్‌ఎం6, బోస్ క్వైట్ కంఫర్ట్ అల్ట్రా, యాపిల్ ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్, ఇంకా ఫోకల్ బాతిస్. వీటి సౌండ్ ఇప్పుడు పదేళ్ల కిందటి లాగా తీసిపారేసేది కాదు. ట్యూనింగ్ చాలావరకు చిప్‌లో జరుగుతుంది, చాలావాటికి యాప్‌లో ఈక్వలైజర్ ఉంటుంది, బేస్ ఎక్కువైతే తగ్గించుకోవచ్చు. సోనీల్లో పెట్టె విప్పగానే ఉండే బేస్ నాకు ఎప్పుడూ ఎక్కువే. ఈక్వలైజర్‌లో కింది భాగం కొంచెం దించితే గొంతు ముందుకొస్తుంది.

నాయిస్ క్యాన్సిలింగ్ ఫ్యాను, రైలు, జనరేటర్ లాంటి ఒకే తీరు హోరుని బ్రహ్మాండంగా తీసేస్తుంది. కుక్కర్ విజిల్ని, వీధిలో కూరగాయల బండి అరుపుని తీయలేదు. ఇంకోటి, ఆ హోరు పోవడం వల్ల తక్కువ వాల్యూమ్‌లో వినగలం. పెద్దవాళ్లకి వారానికి 40 గంటలు, 80 డెసిబెల్ లోపు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు. రోజంతా చెవుల మీద పెట్టుకునేవాళ్లు ఈ లాభాన్ని తక్కువ చేసి చూడకూడదు.

బ్లూటూత్ గురించి అనవసరపు వాదనలు చాలా ఉన్నాయి. సోనీ వాళ్ల ఎల్‌డాక్ (బ్లూటూత్‌లో పాటని ఎక్కువ వివరంగా పంపే పద్ధతి) ఐఫోన్‌లో పని చేయదు కాబట్టి, దానికి సెకనుకి 990 కిలోబిట్లు ఉందని ఐఫోన్ వాళ్లు మురిసిపోనక్కర్లేదు. బాతిస్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి పెట్టి లాస్‌లెస్‌గా వినొచ్చు, ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ యూఎస్‌బీ-సీ మోడల్‌కి కూడా 2025లో ఆ వీలు వచ్చింది. అసలు బెంగ ఆయుష్షు. బ్యాటరీ నాలుగైదేళ్లలో నీరసిస్తుంది. 1997 నాటి డిజైన్ ఇంకా బతికే ఉండగా, ఈ రకంలో నలభై వేలు పెట్టి కొన్నది మీ కొడుకు చేతికి వెళ్తుందని ఆశ పెట్టుకోకండి.

ఎలక్ట్రోస్టాటిక్ అనే ఇంకో రకాన్ని కావాలనే వదిలేశాను. దానికి ప్రత్యేకమైన ఆంప్ కావాలి, పాడైతే మన దగ్గర దిక్కుండదు.

| | ఓపెన్ డైనమిక్ | ఓపెన్ ప్లానార్ | క్లోజ్డ్ వైర్డ్ | వైర్‌లెస్ |
|---|---|---|---|---|
| గొంతు | అన్నిటికంటే సహజం | మంచిది, కొన్నిట్లో మెరుపు ఎక్కువ | మోడల్‌ని బట్టి | ఈక్వలైజర్‌తో మంచిది |
| లోతు బేస్ | పలచన | బిగువుగా, లోతుగా | ఉంటుంది, కళ్లజోడుతో తగ్గొచ్చు | దండిగా, ఒక్కోసారి అతిగా |
| ఫ్యాను హోరు | వినపడుతుంది | వినపడుతుంది | కొంత తగ్గుతుంది | దాదాపు పోతుంది |
| పక్కవాళ్లకి ఇబ్బంది | ఉంది | ఉంది | లేదు | లేదు |
| ఎండాకాలం | హాయి | హాయి, బరువు తప్ప | బట్ట మెత్తలైతే పర్వాలేదు | చెమట |
| ఆంప్ | మంచి డాంగిల్‌తో మొదలుపెట్టొచ్చు | చాలావాటికి కావాలి | చాలావాటికి అక్కర్లేదు | అక్కర్లేదు |
| పదేళ్ల తర్వాత | స్పేర్లతో నడుస్తుంది | పొర బాగుంటే నడుస్తుంది | నడుస్తుంది | అనుమానం |

ఎవరికి ఏది

రిటైరయ్యి, రాత్రి తొమ్మిది తర్వాత తన గదిలో తలుపేసుకుని పాత మెలోడీలు, కచేరీలు వినేవాళ్లకి మొదటి రకమే. ఆలోచించక్కర్లేదు. కొత్త మోడల్ కోసం ఆగనక్కర్లేదు కూడా. మిగిలిన డబ్బు దాచుకోండి.

ఇంట్లో వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తూ, రోజంతా మీటింగులు, మధ్య మధ్యలో పాటలు, నెలకోసారి చెన్నైకో హైదరాబాద్‌కో రైలు. వీళ్లకి నాలుగో రకం. ఆడియో ప్రియులు ముఖం చిట్లిస్తారు, పట్టించుకోకండి. ఏసీ లేని గదిలో ఫ్యాను కింద వింటే లక్ష రూపాయల ప్లానార్‌లో వినపడని తంబుర, నలభై వేల నాయిస్ క్యాన్సిలింగ్‌లో వినపడుతుంది.

ఇంట్లోనే కవర్ సాంగ్స్ రికార్డు చేసి పెట్టే పిల్లలకి సమాధానం రెండు ముక్కలు. పాడేటప్పుడు క్లోజ్డ్ తప్పనిసరి, లేకపోతే హెడ్‌ఫోన్‌లో మోగే ట్రాక్ మైకులోకి ఎక్కుతుంది. మిక్సింగ్ చేసేటప్పుడు ఓపెన్ బ్యాక్ నయం. రెండు కొనే స్తోమత లేకపోతే ముందు క్లోజ్డే కొనండి.

ఇప్పటికే ఒక మంచి హెడ్‌ఫోన్ ఉండి, "ఇంతకంటే ఏముంటుంది" అని దురద పుట్టినవాళ్లకే ప్లానార్. మొదటి హై-ఎండ్ కొనుగోలుగా నేను దాన్ని సిఫార్సు చేయను. ఆంప్ ఖర్చు కలుపుకుంటే బడ్జెట్ మన చేతిలోంచి జారిపోతుంది.

వినడం ఎక్కడ, కొనడం ఎలా

నెల్లూరు నుంచి చెన్నై రైల్లో మూడు గంటల లోపు, ఒంగోలు నుంచి ఇంకో గంటన్నర చిల్లర. పొద్దున రైలెక్కి రాత్రికి తిరిగొచ్చేయొచ్చు. హెడ్‌ఫోన్లు వినిపించి అమ్మే షాపులు అక్కడున్నాయి. ముందు ఫోన్ చేసి, మీకు కావలసిన మోడల్ డెమోకి ఉందో లేదో కనుక్కోండి. మీ ఫోన్, మీ డాంగిల్, అందులో ముందే డౌన్‌లోడ్ చేసుకున్న నాలుగు పాటలు పట్టుకెళ్లండి. షాపువాళ్లు వేసే డెమో పాట వినకండి, అది ఏ హెడ్‌ఫోన్‌లోనైనా బాగుండేలా ఎంచుకున్నది. మూడు మోడల్స్ మించి వినొద్దు. నాలుగోదానికి చెవి అలిసిపోతుంది.

ఆన్‌లైన్‌లో కొంటే రిటర్న్ షరతులు ముందు చదవండి. "రీప్లేస్‌మెంట్ మాత్రమే" అని ఉంటే సౌండ్ నచ్చలేదని వెనక్కి తీసుకోరు. అధికారిక డీలర్ కాని చోట అయిదు వేలు తక్కువకి వస్తోందంటే వారంటీ ఉండకపోవచ్చు, పేరున్న మోడల్స్‌లో నకిలీలూ తిరుగుతున్నాయి. ఆంప్ కొంటున్నవాళ్లు ఇంట్లో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. పాత ఇళ్లలో మూడో పిన్నుకి రంధ్రం ఉంటుంది, దాని వెనక వైరు ఉండదు. ఆంప్‌లో సన్నగా గుయ్యిమనే శబ్దం వస్తుంటే చాలాసార్లు కారణం అదే, లేదంటే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్.

పెట్టె వచ్చాక విప్పేటప్పుడు వీడియో తీయండి. మొదట ఘంటసాల మోనో పాట ఒకటి వేయండి. గొంతు సరిగ్గా మధ్యలో నిలబడాలి. ఒక పక్కకి ఒరిగినట్టుంటే హెడ్‌ఫోన్‌ని ఎడమా కుడీ తారుమారు చేసి పెట్టుకుని మళ్లీ వినండి. ఒరుగు అవతలి పక్కకి మారితే రెండు కప్పులూ సమానంగా మోగడం లేదన్నమాట, గడువు దాటకముందే వెనక్కి పంపండి. మారకుండా అదే చెవి పక్కన ఉండిపోతే మాత్రం హెడ్‌ఫోన్‌ని ఏమీ అనకుండా ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లి గులిమి తీయించుకు రండి.